మంటకు కాపలాదార్లు

కుళాయి తిప్పగానే గోడమీది పెట్టెలోంచి టిక్ టిక్ టిక్ మంటూ నాలుగైదు చప్పుళ్లు. ఆ వెంటనే భుగ్గుమని మంట అంటుకున్న శబ్దం. పెట్టె ముందున్న చిన్న కన్నంలోంచి నీలిరంగు వెలుగు. అర నిమిషం గడవకముందే బకెట్లో పడుతున్న నీళ్ల మీంచి ఆవిరి లేస్తుంది. గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో రోజూ జరిగేదే ఇది. కుళాయి తిప్పడానికీ మంట రావడానికీ మధ్య పట్టేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో పెట్టె లోపల ఉన్న చిన్న చిన్న పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి సరేనంటేనే గ్యాస్‌కు దారి దొరుకుతుంది. వాటిలో ఏది మొరాయించినా మంట రాదు.

వీటిని కాపలాదార్లనుకుంటే, ఒక్కో కాపలాదారు ఒక్కో దొంగను మాత్రమే ఆనవాలు పడతాడు. పక్కనుంచి ఇంకో దొంగ దర్జాగా నడిచిపోతున్నా పట్టించుకోడు. గీజర్ బిగించే మెకానిక్‌కైనా, బిగించుకునే ఇంటివాళ్లకైనా తెలియాల్సిన అసలు సంగతి ఇదే: ఏ పరికరం దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు.

కాపలా అంటూ లేని రోజుల నుంచి మొదలుపెడదాం. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్, గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. గీజర్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. అందులో పొగ బయటికి పోయే గొట్టం లేదు. మంట వదిలిన ఆవిర్లన్నీ స్నానాల గదిలోనే తిరిగేవి. నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజినీరు 1889లో పిట్స్‌బర్గ్‌లో తనంతట తాను పనిచేసే ట్యాంకు రకం హీటర్ తయారుచేశాడు. ఆ తర్వాతి దశాబ్దంలో జర్మనీలో హ్యూగో జంకర్స్ స్నానానికి గ్యాస్ హీటర్లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. గ్యాస్‌లో ఎంత వేడి ఉందో కొలవడానికి ఆయన ఒక పరికరం కనిపెట్టాడు. పారుతున్న నీటిని మంటతో కాచి, ఆ నీళ్లు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో చూసి లెక్క కట్టడం దాని సూత్రం. కొలిచే సాధనమే కాస్త పెద్దదై స్నానాల గదికి చేరింది. హీటర్ల మీద వచ్చిన డబ్బుతో జంకర్స్ విమానాల మీద ప్రయోగాలు చేశాడు. పూర్తిగా లోహంతో కట్టి 1915లో ఎగరేసిన జె-1 విమానం వెనక ఈ గీజర్ల రాబడి ఉంది.

యంత్రం మెరుగుపడిన కొద్దీ ఒక ప్రశ్న తప్పనిసరైంది. మంట ఆరిపోతే ఎలా? గాలికో, గ్యాస్ ఒక క్షణం ఆగిపోయో మంట ఆరిందనుకోండి. గ్యాస్ మళ్లీ వస్తుంది, మంట ఉండదు. గది నిండా గ్యాస్ పోగవుతుంది. ఆ తర్వాత ఎవరో లైటు స్విచ్ వేస్తారు.

దీనికి జవాబు 1821లోనే బెర్లిన్‌లో దొరికింది, కానీ దొరికినవాడికి అది జవాబని తెలియదు. థామస్ యోహాన్ సీబెక్ రెండు వేర్వేరు లోహాల కడ్డీల కొసలు కలిపి, ఒక కొసను వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. వేడి వల్ల అయస్కాంతత్వం పుడుతోందని ఆయన అనుకున్నాడు. నిజానికి పుడుతున్నది కరెంటు. ఆ కరెంటే ముల్లును కదిపింది. ఈ సూత్రంతో చేసినదే థర్మోకపుల్. చిటికెన వేలంత కూడా లేని లోహపు కొన, దాని వెనక సన్నటి రాగి గొట్టం. కొన మంటలో ఉన్నంతసేపూ 20 నుంచి 30 మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. టార్చిలైటు సెల్లుతో పోలిస్తే యాభయ్యో వంతు.

ఇంత అల్పమైన కరెంటు ఏం చేస్తుంది? ఇక్కడే నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ముచ్చటగొలిపే తెలివి కనిపిస్తుంది. అమెరికా ఇళ్లలో గ్యారేజీలోనో, బేస్‌మెంట్లోనో, టెక్సస్‌లో అయితే అటక మీదో 40, 50 గ్యాలన్ల ట్యాంకు హీటర్ ఉంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు బాగా పరిచయమైన వస్తువే. పాత రకాల్లో ట్యాంకు కింది భాగాన ఒక చతురస్రపు పెట్టె, దాని మీద గుండ్రటి నాబ్. దాన్ని పైలట్ గుర్తు దగ్గరికి తిప్పి, బొటనవేలితో నొక్కిపట్టి, పైలట్ అనే ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంటను వెలిగించి, దాదాపు నిమిషం పాటు వేలు తీయకుండా ఉండాలి. వేలు ముందే తీస్తే మంట ఆరిపోతుంది. చాలామంది ఇది యంత్రంలో లోపమనుకుని విసుక్కుంటారు. కాదు. నొక్కినప్పుడు లోపలి వాల్వు తెరుచుకుని, ఒక ఇనుప బిళ్ల విద్యుదయస్కాంతాన్ని తాకుతుంది. థర్మోకపుల్ వేడెక్కి కరెంటు పుట్టాక ఆ అయస్కాంతం బిళ్లను పట్టుకుంటుంది. పట్టుకుని ఉంచేంత బలమే దానికుంది. దూరంగా ఉన్న బిళ్లను దగ్గరికి లాక్కునే బలం లేదు. అందుకే మంట ఒకసారి ఆరి, థర్మోకపుల్ చల్లబడి, స్ప్రింగు వాల్వును మూసేస్తే ఆ యంత్రం తనంతట తాను మళ్లీ తెరుచుకోలేదు. మనిషి వచ్చి, ఏం జరిగిందో చూసి, మళ్లీ వేలు పెట్టాల్సిందే. బలహీనతనే భద్రతగా మలిచారు.

నీళ్లు మితిమీరి వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు కూడా ఈ థర్మోకపుల్ దారిలోనే ఉంటుంది. అది తెగితే కరెంటు ఆగుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ మూసుకుంటుంది. అదీ విఫలమైతే ఆఖరి అడ్డు ట్యాంకు పైభాగాన ఉండే రిలీఫ్ వాల్వు. 99 డిగ్రీల వేడికి గానీ, చదరపు అంగుళానికి 150 పౌండ్ల ఒత్తిడికి గానీ తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. దాని గొట్టానికి బిరడా కొట్టడమంటే ట్యాంకును బాంబుగా మార్చడమే. చుక్కలు కారుతున్నాయని అలా కొట్టినవాళ్లున్నారు.

ఆ చతురస్రపు కంట్రోల్ పెట్టె చెడిపోయి మార్చాల్సివస్తే ఒక సంగతి ముందు గుర్తుండాలి. దాని వెనకనుంచి వేడిని కొలిచే కడ్డీ ఒకటి ట్యాంకు లోపలికి, నీళ్లలోకి చొచ్చుకుని ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేయకుండా విప్పితే వేడినీళ్లు మీద పడతాయి. గ్యాస్ మూసి, నీళ్లు మూసి, ట్యాంకు తోడేసి, అప్పుడు విప్పాలి. కొత్తది అదే గ్యాస్‌కు, అదే మోడల్‌కు సరిపడేదై ఉండాలి. మరలకు సీలింగ్ పేస్టు మగ మర మీదే, మొదటి ఒకటి రెండు చుట్లు వదిలి రాయాలి. లేకపోతే పేస్టు తునకలు లోపలికి జారి వాల్వు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడతాయి. థర్మోకపుల్ నట్టును చేత్తో బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు తిప్పితే చాలు. బలంగా బిగిస్తే కొసనున్న సన్నటి ఇన్సులేషన్ నలిగిపోయి ఆ 30 మిల్లీవోల్టులు మధ్యలోనే పోతాయి. గట్టిగా బిగిస్తేనే భద్రం అన్న ప్లంబింగ్ అలవాటు ఇక్కడ పనికిరాదు. అమెరికాలో చాలాచోట్ల ఈ పనికి లైసెన్సున్న మనిషీ, పర్మిటూ కావాలి కూడా.

ఇక మన ఇళ్ల సంగతి. మన దగ్గర ట్యాంకు లేదు, పైలట్ మంటా అరుదు. ఉన్నది అయిదారు లీటర్ల రకం, అప్పటికప్పుడు కాచే పెట్టె. అడుగున రెండు టార్చి సెల్లులు, ముందు మూడు నాబ్‌లు: ఒకటి గ్యాస్‌కు, ఒకటి నీళ్లకు, ఒకటి ఎండాకాలం చలికాలం అని. మూడోది బర్నర్‌లో ఎన్ని వరసలు వెలగాలో తేల్చేది.

ఇందులో మొదటి కాపలాదారు నీటి దారిలో ఉంటాడు. చల్లటి నీళ్లు లోపలికి రాగానే ఒక సన్నటి ఇరుకు గుండా పోతాయి. ఇరుకులో వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. దాని పక్కన అరచేతిలో పట్టేంత గుండ్రటి రబ్బరు పొర, డయాఫ్రం. దానికి ఒకవైపు ఎక్కువ ఒత్తిడి, మరోవైపు తక్కువ. పొర ఉబ్బుతుంది, ఒక కడ్డీని తోస్తుంది. కడ్డీ మైక్రోస్విచ్‌ను వదిలిపెడుతుంది, స్విచ్ టిక్కుమంటుంది. అప్పటికి గానీ సెల్లుల కరెంటు కంట్రోల్ బాక్సుకు చేరదు. బాక్సు ఒకపక్క నిప్పురవ్వలు కొడుతూ, మరోపక్క గ్యాస్ దారిలో కరెంటుతో పనిచేసే సొలినాయిడ్ వాల్వును తెరుస్తుంది. నీళ్లు పారకపోతే మంట లేదు అన్నది దీని కట్టడి. ఖాళీ రాగి గొట్టం కింద మంట మండకుండా కాపాడేది ఈ రబ్బరు పొరే.

రెండో కాపలాదారు మంటలోకి చాచి ఉన్న లోహపు పుల్ల. మంట ఉత్త వేడిగాలి కాదు, అందులో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి. వాటి మీదుగా అతి స్వల్పంగా, మైక్రో ఆంపియర్లలో, కరెంటు పారుతుంది. పుల్లకూ బర్నర్‌కూ మధ్య ఆ కరెంటు కనిపిస్తే మంట ఉన్నట్టు. కొన్ని సెకన్లలో కనబడకపోతే బాక్సు సొలినాయిడ్‌ను వదిలేస్తుంది, గ్యాస్ మూతపడుతుంది. థర్మోకపుల్ చల్లబడడానికి పదుల సెకన్లు పడితే, ఇది క్షణాల్లో పసిగడుతుంది. అయితే పుల్ల మీద మసి పేరుకున్నా, ఎవరైనా తుడుస్తూ దాన్ని వంచేసినా, మంట ఉన్నా లేదంటుంది. వెలిగి ఆరిపోయే గీజర్లలో ఈ జబ్బు తరచూ కనిపిస్తుంది.

మూడోది రాగి గొట్టానికి అంటించిన నాణెమంత బిళ్ల. లోపల రెండు లోహాల రేకు. నీళ్లు హద్దు మీరి వేడెక్కితే రేకు వంగి కరెంటు తెగుతుంది. ఇవన్నీ ఆధారపడేది సొలినాయిడ్ ఒక్కదాని మీద. దానికి కరెంటు ఉంటేనే తెరుచుకుని ఉంటుంది, లేకపోతే స్ప్రింగు మూసేస్తుంది. సెల్లులు అయిపోతే గీజర్ వెలగదు కానీ గ్యాస్ మాత్రం కారదు.

ఇంత చక్కటి ఏర్పాటు ఎక్కడ చెడుతుంది? చాలాసార్లు పై అంతస్తులో. డయాఫ్రం ఉబ్బడానికి ఇన్ని నీళ్లు, ఇంత ఒత్తిడి అని ఉంటుంది. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. టాప్ ఫ్లోర్‌లో ట్యాంకుకూ గీజర్‌కూ మధ్య మీటరున్నర ఎత్తు కూడా ఉండదు. కుళాయి తిప్పితే ధార సన్నగా వస్తుంది, పొర ఉబ్బదు, మంట రాదు. ఇంటాయన చిరాకుపడతాడు. మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసి పెట్టె విప్పుతాడు. స్ప్రింగును కాస్త వదులు చేస్తాడు. అదీ చాలకపోతే మైక్రోస్విచ్ తీగలు రెండూ పీకి, కొసలు గీకి, ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టేస్తాడు. ఇప్పుడు గీజర్ చక్కగా వెలుగుతుంది. నీళ్లు పారినా పారకపోయినా నీళ్లు పారుతున్నాయనే బాక్సు నమ్ముతుంది. ఆ మెకానిక్‌ను నేను చేతకానివాడనను. పనిచేయని యంత్రాన్ని పనిచేయించాడు. కానీ మొదటి కాపలాదారుణ్ని గొంతు నులిమి పనిచేయించాడు. ఒత్తిడి చాలనిచోట చేయాల్సింది చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో, ట్యాంకు ఎత్తు పెంచడమో, లేదా ఆ ఇంటికి గ్యాస్ గీజర్ వద్దనుకోవడమో.

బోరు నీళ్ల ఉప్పుదనం ఇంకో తంటా. తెల్లటి గార పేరుకుని కడ్డీ బిగుసుకుపోతే కుళాయి కట్టేసినా అది వెనక్కి రాదు, మంట ఆరదు. నీళ్లు లోపలికొచ్చేచోట ఉండే జల్లెడను అప్పుడప్పుడూ విప్పి కడగాలని అందుకే చెబుతారు. కుళాయి కట్టగానే మంట ఒకటి రెండు సెకన్లలో ఆరిపోవాలి. ఆరలేదంటే సిలిండర్ కట్టేసి మెకానిక్‌ను పిలవాల్సిందే.

గ్యాస్ వైపు చూస్తే అన్నిటికన్నా ముందుండే కంట్రోల్ సిలిండర్ మీదే ఉంటుంది. సిలిండర్ లోపల చదరపు సెంటీమీటరుకు అయిదారు కిలోల ఒత్తిడి. ఇంటి రెగ్యులేటర్ దాన్ని 30 గ్రాములకు దించుతుంది. గీజర్ వాల్వులూ నాజిల్లూ అన్నీ ఈ 30 గ్రాముల లెక్కన చేసినవే. మంట పెద్దగా రావాలని హోటళ్ల పొయ్యిలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలిస్తే, సొలినాయిడ్ కింది రబ్బరు సీలు ఆ ఒత్తిడికి నిలవదు. పైపు ఐఎస్ఐ గుర్తున్న, లోపల అల్లిక తీగ ఉన్న రబ్బరుదే కావాలి. మీటరున్నరకు మించకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి. గీజర్ దూరంగా ఉంటే రాగి గొట్టం వేయించాలి, ట్యూబుకు ట్యూబు అతుకు వేయకూడదు. అన్నీ బిగించాక సబ్బు నురగ రాసి ప్రతి అతుకూ చూడాలి. బుడగ ఉబ్బితే లీకు. అగ్గిపుల్లతో చూసే మెకానిక్ కనబడితే మర్యాదగా పంపించేయండి.

హైదరాబాద్, విజయవాడ, కాకినాడ లాంటి ఊళ్లలో ఇప్పుడు ఇళ్లకు పైపులో సహజవాయువు వస్తోంది. సిలిండర్ గ్యాస్‌తో పోలిస్తే అంతే ఘనపరిమాణంలో దాని వేడి రెండున్నర రెట్లు తక్కువ. కాబట్టి దానికి వాడే నాజిల్ కన్నం పెద్దది. సహజవాయువు నాజిల్ ఉన్న గీజర్‌ను తెచ్చి సిలిండర్‌కు తగిలిస్తే గ్యాస్ ఎక్కువై, గాలి చాలక, మంట పసుపుపచ్చగా పొడుగ్గా లేస్తుంది. కాపలాదార్లందరూ ఉన్నారు కదా, ఒక్కరైనా అడ్డుపడరా? పడరు. నీళ్లు పారుతున్నాయి, మంట ఉంది, వేడి హద్దులోనే ఉంది. వాళ్ల లెక్క ప్రకారం అంతా సవ్యమే. మొదట్లో చెప్పిన రెండో దొంగ నడిచిపోయే దారి ఇదే.

ఆ దొంగ పేరు కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలని మంటలోంచి పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌కు వాసన ఉంది కదా అనవచ్చు. అది కలిపిన వాసన. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద వాసన లేని గ్యాస్ పోగై పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ తర్వాతే గ్యాస్‌కు ఘాటైన వాసన ద్రవ్యం కలపడం చట్టాల్లోకి వచ్చింది. మన సిలిండర్లలో కలిపేది ఇథైల్ మెర్‌క్యాప్టాన్. కారిన గ్యాస్‌ను అది పట్టిస్తుంది. కానీ గ్యాస్ మండితే దానితో పాటు ఈ వాసనా మండిపోతుంది. ముక్కు కాపలా కాసేది మండని గ్యాస్‌నే. సరిగా మండని గ్యాస్ ముక్కుకు దొరకదు.

బాత్రూంలో ఏం జరుగుతుందో లెక్క కట్టి చూద్దాం. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే పదిన్నర కిలోవాట్లు కావాలి. వృథా పోయేది కలుపుకుంటే గీజర్ పన్నెండు కిలోవాట్ల పైన మండుతుంది. వంటింటి పొయ్యి మీద పెద్ద బర్నర్లు అయిదారు ఒకేసారి వెలిగించినట్టు. గంటకు సుమారు కిలో గ్యాస్ ఖర్చు. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి కావాల్సిన గాలి దాదాపు 13 ఘనమీటర్లు. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉన్న మొత్తం గాలి ఎనిమిది ఘనమీటర్లు కూడా లేదు. చలికాలం, వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టారు, తలుపు వేసుకున్నారు. పది నిమిషాల స్నానంలో గీజర్ రెండు ఘనమీటర్లకు పైగా గాలిని వాడేస్తుంది. బయటి గాలి రాకపోతే గదిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 15 శాతం దరిదాపులకు దిగిపోతుంది. అంత దిగకముందే మంట రంగు మారి మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా కార్బన్ మోనాక్సైడ్‌ను రెండు వందల రెట్లకు పైగా ఇష్టంగా పట్టుకుంటుంది. గాలిలో అది వెయ్యో వంతు ఉంటే చాలు, పీలుస్తూ పోతే రక్తంలో సగం హిమోగ్లోబిన్ దాని చేతిలోకి పోతుంది. స్కాట్లండ్‌లో పుట్టిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890ల్లో ఈ వాయువును తానే పీల్చి, తన రక్తమే పరీక్షించుకుని, మనిషి ఏ దశలో ఎలా అయిపోతాడో రాసిపెట్టాడు. బొగ్గుగనుల్లోకి చిన్న పక్షుల్ని తీసుకెళ్లే పద్ధతిని సూచించినదీ ఆయనే. ఆయన తేల్చినవాటిలో భయం గొలిపేది ఏమిటంటే, విషం ఎక్కుతున్న మనిషికి తనకేదో అవుతోందన్న గ్రహింపే ముందుగా పోతుంది. తర్వాత కాళ్లు సహకరించవు. తలుపు గడియ చేతికందే దూరంలోనే ఉంటుంది, తీయాలన్న ఆలోచన రాదు.

కొన్ని మోడళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ ఉంటుంది. పైలట్ మంట ఉన్న రకాల్లో దాని పని తీరు సొగసైనది. ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి దిగేసరికి పైలట్ మంట బర్నర్ మొదలును వదిలి పైకి లేస్తుంది, థర్మోకపుల్ కొనకు మంట అందదు, గ్యాస్ మూతపడుతుంది. మంచిదే. కానీ అది చూసేది ఆక్సిజన్‌ను, మోనాక్సైడ్‌ను కాదు. గదిలో గాలి పుష్కలంగా ఉండి, రాగి రేకుల మధ్య మసి పట్టి మంట ఊపిరాడక మండుతుంటే ఆక్సిజన్ తగ్గదు, మోనాక్సైడ్ మాత్రం వస్తుంది. పెట్టె మీద ఆ సెన్సర్ ఉందని రాసినంత మాత్రాన గీజర్‌ను బాత్రూంలో పెట్టుకోవచ్చని కాదు.

అందుకే నా తీర్పు ఒక్కటే. గ్యాస్ గీజర్‌కు స్థానం బాత్రూం బయట. వాష్ ఏరియాలోనో, బాల్కనీలోనో, బయటి గాలి ఎప్పుడూ ఆడేచోట పెట్టి, వేడినీళ్ల పైపును గోడలోంచి లోపలికి తేవాలి. పైపు నాలుగడుగులు పొడుగైతే మొదటి చెంబుడు చల్లటి నీళ్లు వస్తాయి, అంతే నష్టం. గీజర్ పెట్టాక ఆ బాల్కనీకి గాజు తలుపులు బిగించుకోవడం ఈమధ్య అపార్టుమెంట్లలో మామూలైంది. గాజు మూసిన మరుక్షణం అది బాల్కనీ కాదు, గది. గీజర్‌కు బీరువా లాంటి అర కట్టి దాచడమూ అంతే. పొగ గొట్టం ఉన్న రకమైతే దాన్ని ఆరుబయటి దాకా తీసుకెళ్లాలి. నాలుగు ఇళ్ల బాత్రూం వెంటిలేటర్లు తెరుచుకునే డక్టులోకి వదిలితే మన విషం పక్కింటికి పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. తలుపులు మూసిన చోట ఫ్యాన్ గాలిని బయటికి లాగేస్తుంటే, గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకే వస్తుంది. గాలికి రెండు దారులుండాలి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, కారితే నేలమీదే పరుచుకుంటుంది, కాబట్టి ఒక దారి నేల మట్టాన. మంట వదిలే వేడి ఆవిర్లు పైకి లేస్తాయి, కాబట్టి రెండోది పైకప్పు దగ్గర.

బిగించడం అయిపోయాక మెకానిక్ సంచి సర్దుకోకముందే చేయించాల్సినవి కొన్ని ఉన్నాయి. గీజర్ వెలుగుతుండగా కుళాయి కట్టమనండి, మంట వెంటనే ఆరాలి. మళ్లీ వెలిగించి రెగ్యులేటర్ కట్టేయమనండి. మంట ఆరిన కొద్ది సెకన్లకే సొలినాయిడ్ మూసుకున్న టిక్కు వినబడాలి. మళ్లీ వెలిగించి, ఈసారి ఒక సెల్లు బయటికి లాగమనండి, మంట ఆరిపోవాలి. ఆఖరున, పది నిమిషాలు మండనిచ్చి మంట రంగు చూడండి. నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చటి కొసలు లేస్తుంటే డబ్బులివ్వకండి.

గ్యాస్ లీకు అలారం ఉన్నవాళ్లు అదే మోనాక్సైడ్‌ను కూడా పట్టిస్తుందనుకుంటారు. అవి రెండు వేర్వేరు పరికరాలు. లీకు అలారం నేలకు దగ్గరగా పెట్టేది, మోనాక్సైడ్ అలారం మనిషి ముక్కు ఎత్తున పెట్టేది.

ఇప్పటికే బాత్రూంలో గీజర్ ఉండి, రేపే మార్పించలేనివాళ్లు తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపేసి, గది గాలి మారాక లోపలికి వెళ్లండి. ఎవరైనా లోపల పలకకపోతే తలుపు పగలగొట్టి ముందు మనిషిని బయటి గాలిలోకి లాగండి, గ్యాస్ కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. గ్యాస్ కారినట్టు వాసన వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు 1906. ఆసుపత్రిలో డాక్టరుకు మొదటగా చెప్పాల్సిన మాట, బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందని. చెప్పకపోతే చూసేవాళ్లకు అది మూర్ఛలాగో, కళ్లు తిరిగి పడినట్టుగానో కనబడుతుంది. మన దేశపు నరాల వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు. కోవిడ్ నాటి నుంచి చాలా ఇళ్లలో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించి, 98 చూపిస్తోంది కదా అని ఊరుకోకండి. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ తేడా ఆ పరికరానికి తెలియదు.